ఎండ కరెంటుకు నాలుగు రంగులు

పొద్దున తొమ్మిది గంటల నాలుగు నిమిషాలకల్లా వెంకటమునికి పదిహేడు ఫోన్లు వచ్చాయి. పదిహేడింటిలోనూ ఒకటే ప్రశ్న: "కరెంటు యాడికి పోయిందప్పా?"

కరెంటు వచ్చింది, ఏడు సెకన్లు ఉంది, ఆగిపోయింది. అంతే జరిగింది. కానీ ఫోను చేసినవాళ్ళకు ఆ ఏడు సెకన్ల సంగతి చెబితే ఇంకా కోపమొస్తుంది.

పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారికి కాస్త లోపలగా నక్కలబండ అనే ఊరుంది. ఊరి పక్క సబ్‌స్టేషన్‌లో వెంకటముని షిఫ్ట్ ఆపరేటరు. పద్నాలుగేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగం. పర్మనెంటు చేస్తారన్న మాట కూడా పద్నాలుగేళ్ళుగా వింటున్నాడు. మదనపల్లెలో ఐటీఐ చదివి వైర్లు, ఫ్యూజులు నేర్చుకున్నాడు గానీ, ఈ ఉద్యోగంలో అక్కరకొచ్చిన విద్య వేరు. ఫోనెత్తి, ఎదుటివాడు తిట్టడం ముగించేదాకా ఉండి, "వస్తాదప్పా, పది నిమిషాల్లో" అనడం. పది నిమిషాలంటే గంట అని ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా ఆ మాట అతని నోట వినకపోతే ఎవరికీ మనసొప్పదు. అతను స్నానానికి పోతే ఫోను కిటికీలో ఉంటుంది. పెళ్ళికి పోతే పప్పన్నంలోకి నెయ్యి పడేలోపు మోగుతుంది.

ఆ పొద్దు ఏడు సెకన్లకే ఆగిపోయిన కరెంటు మామూలు కరెంటు కాదు. సబ్‌స్టేషన్ వెనక బండ మీద నిరుడు సోలార్ పలకలు పరిచారు. ఈ ఏడాది జనవరిలో లారీ మీద తెల్లటి పెట్టె ఒకటి వచ్చింది. చిన్న ఇల్లంత ఉంటుంది, లోపలంతా బ్యాటరీలు. దాంతోపాటు అనూష అనే ఇంజనీరు వచ్చింది. కుప్పం అమ్మాయి, ఇరవై ఏడేళ్ళుంటాయి. ఆమె కంపెనీ ఒక పరీక్ష పెట్టింది. ఎక్కడో బొగ్గు మండించి పంపే కరెంటు పై లైనులో వస్తుంది కదా, ఆ లైనును తెంపేసి, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నక్కలబండ వ్యవసాయ ఫీడరును, అంటే ఊరి బోర్లన్నిటికీ కరెంటు మోసే లైనును, ఒట్టి ఎండతో, పెట్టెతో నడపాలి. వెనకాల బొగ్గు ఉండకూడదు, డీజిల్ జనరేటరు ఉండకూడదు. అవకాశాలు మూడు. ఒక్కసారన్నా తొమ్మిది గంటలూ నిలిస్తే పెట్టె ఇక్కడే ఉంటుంది. లేదంటే లారీ ఎక్కి వి.కోట వైపు పోతుంది.

పెట్టె ఉండాలని వెంకటముని గట్టిగా కోరుకున్నాడు. కారణం ఇంట్లోనే ఉంది. పై లైను కొండలెక్కి దిగి వచ్చేసరికి అలిసిపోయి ఉంటుంది. గాలి వీచినా పోతుంది, చింతకొమ్మ ఒరిగినా పోతుంది. వచ్చిన ఆ కాస్త వోల్టేజీ కూడా ఫీడరు చివరకు చేరేసరికి సన్నగిల్లుతుంది. ఆ చివరనే వెంకటమునికి ముప్పావెకరం ఉంది, టమాటా పెట్టారు. ఏడాదిలో బోరు మోటారు రెండుసార్లు కాలింది. సేద్యం చూసేది భార్య కల్పన. మోటారు కాలినప్పుడల్లా ఆమె పెద్దగా ఏమీ అనదు. ఇంటికొచ్చిన వాళ్ళకు కాఫీ ఇచ్చి, "మా ఆయన ఊరందరికీ కరెంటిస్తాడమ్మా, మా బోరు తప్ప" అంటుంది. అంతే. పెట్టె ఉంటే వోల్టేజీ నిలబడుతుందని అనూష చెప్పిన రోజు నుంచి వెంకటముని దానికి రోజూ దుమ్ము తుడుస్తున్నాడు.

ఊరివాళ్ళకు మాత్రం నమ్మకం కుదరలేదు. బొగ్గు కరెంటుకు బలమెక్కువ, ఎండ కరెంటుకు నీరసమని టీ అంగడి దగ్గర తేల్చేశారు. ఎండ కరెంటుతో తోడితే బోరు నీళ్ళు వేడిగా వస్తాయని కూడా ఒక మాట పుట్టింది. అది పుట్టించింది శంకరప్ప. ఆరెకరాల టమాటా, రెండు బోర్లు ఉన్న మనిషి. మదనపల్లె మార్కెట్ యార్డులో ధర పడిపోతే ఎవరికన్నా ముందు తెలిసేది తనకేనని అతని నమ్మకం.

ఏడు సెకన్లకే మొదటి పరీక్ష పోయినప్పుడు అనూష పెట్టె తలుపు తీసి అరగంట చూసి బయటికొచ్చింది.

"అన్నా, పెట్టెలో తప్పేం లేదు. మోటార్లన్నీ ఒకే క్షణంలో లేచినాయి. మోటారు నడిచేటప్పుడు లాగేది ఒకింతైతే, లేచేటప్పుడు ఆరింతలు లాగుతాది. నూటపద్దెనిమిది మోటార్లు ఒక్కసారి లేస్తే ఇది తట్టుకోలేదు."

"మరి బొగ్గు లైను ఎట్ల తట్టుకుంటాండాది మేడం?"

"ఆ లైను ఎనకాల పెద్ద పెద్ద చక్రాలు తిరుగుతాంటాయన్నా. చెరుకు గానుగ ఇంజనుకు బరువు చక్రం ఉంటాది సూడు, ఒక్క క్షణం గడ చిక్కుకున్నా ఆ ఊపుతో తిరిగేస్తాది. ఈ పెట్టెలో తిరిగేది ఏమీ ల్యా."

వెంకటమునికి గానుగ తెలుసు. మోటార్లన్నీ ఒకే క్షణంలో ఎందుకు లేస్తాయో కూడా తెలుసు. ప్రతి బోరు దగ్గరా ఆటో స్టార్టర్ అనే పెట్టె ఉంటుంది. కరెంటు రాగానే మనిషి లేకుండా మోటారును అదే లేపుతుంది. దానికి పక్కన చిన్న మర ఉంటుంది. అది తిప్పుకుంటే కరెంటు వచ్చాక రెండు నిమిషాలకో, పది నిమిషాలకో లేచేట్టు పెట్టుకోవచ్చు. నక్కలబండలో నూటపద్దెనిమిది మరలూ సున్నా మీదే ఉంటాయి. భూమిలో నీళ్ళు అందరివీ ఒకటేననీ, పక్కవాడి బోరు ఒక నిమిషం ముందు లేస్తే ఆ నిమిషం నీళ్ళు వాడివనీ ప్రతివాడికీ గట్టి నమ్మకం. శాస్త్రం ఏమంటుందో ఎవరూ అడగలేదు.

రెండో పరీక్షకు ముందు రోజు సబ్‌స్టేషన్ గేటు దగ్గర అందరినీ పిలిచారు. అనూష ఓపిగ్గా చెప్పింది. రేపు ఒక్క పూట ఆటో తీసేసి, చేత్తో వేసుకోండి, ఒకరి తర్వాత ఒకరు. అందరూ తలలూపారు. శంకరప్ప అందరికన్నా గట్టిగా ఊపాడు.

"పాప మనకోసం ఇంత తంటాలు పడతాంది. ఒక పూట ఆటో తీసేస్తే మన సొమ్మేం పోతాదప్పా?"

శుక్రవారం తొమ్మిదికి వెంకటముని స్విచ్చి వేశాడు. కరెంటు తొమ్మిది సెకన్లు నిలిచింది. మొదటిసారి కన్నా రెండు సెకన్లు మెరుగు. అంటే ఊళ్ళో ఇద్దరో ముగ్గురో మాట నిలబెట్టుకున్నారన్నమాట. మిగతావాళ్ళలో ప్రతి ఒక్కరూ అనుకున్నది ఒకటే: ఊరంతా ఆటో తీసేస్తాండాది గదా, నాదొక్కటి ఉంటే ఏమవుతాది?

వెంకటముని వదల్లేదు. మళ్ళీ వేశాడు, మళ్ళీ పోయింది. అట్లా నాలుగుసార్లు. నాలుగోసారి ఫీడరు చివర కల్పన బోరులో మోటారు కాలిపోయింది. మాట ప్రకారం ఆటో తీసేసిన ఇద్దరు ముగ్గురిలో వెంకటముని లేడు. ఊరందరికీ చెప్పే హడావుడిలో తన బోరు స్టార్టర్ సంగతి మరిచిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కాఫీ రాలేదు.

"పూత రాలే కాలం" అంది కల్పన. "నాలుగు రోజులు నీళ్ళు లేకుంటే పిందె నిలబడదు. కాలిన మోటారును పుంగనూరులో వైండింగు వాళ్ళు బుధవారం బాగుచేసి ఇస్తామన్నారు. నీ పెట్టెలో నుంచి బిందెతో తెచ్చి పోస్తావా?"

పది నిమిషాల్లో అనే మాట ఈ ఇంట్లో ఎప్పుడో చెల్లడం మానేసింది.

శనివారం పొద్దున ఆదెప్ప సబ్‌స్టేషన్ దగ్గరికొచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. ఒక బోరు, నూటయాభై గొర్రెలు. కంచె అవతల మందను నిలబెట్టి, నీళ్ళ తొట్టి దగ్గర కర్ర అడ్డం పెట్టుకున్నాడు. పది గొర్రెలు తాగాక కర్ర ఎత్తి వాటిని తప్పించి, ఇంకో పదిని వదులుతున్నాడు. అనూష చాలాసేపు చూసింది.

"తాతా, అన్నిట్నీ ఒకేసారి యాల వదలవు?"

"వదిలితే తొట్టి మీదెక్కి పగలగొడతాయి గదమ్మా. యా గొర్రెకూ నీళ్ళు మిగలవు."

"నీకు ముందుగా యా గొర్రె తాగాలో ఎట్ల తెలుస్తాది?"

ఆదెప్ప నవ్వాడు. "రోజూ ఒకటే గుంపును ముందు వదిలితే మిగిలినవి కుమ్ముతాయి. ఈ పొద్దు ఎర్రమచ్చవి ముందు, రేపు నీలంవి." గొర్రెల వీపుల మీద గుర్తుకు పూసిన రంగులు చూపించాడు.

అనూష వెంకటముని వైపు చూసింది. అతను అప్పటికే కాగితం మీద నూటపద్దెనిమిదిని నాలుగుతో భాగిస్తున్నాడు.

ఆదివారం, సోమవారం, మంగళవారం వెంకటముని, ఆదెప్ప గట్ల మీద తిరిగారు. ఆదెప్ప చేతిలో గొర్రెలకు పూసే రంగు డబ్బాలు. బోరు బోరుకూ ఆగి, స్టార్టర్ పెట్టెకు నాలుగింటిలో ఒక రంగు పూశారు. ఎరుపుకు మర సున్నా మీద, నీలానికి ఐదు నిమిషాలు, ఆకుపచ్చకు పది, పసుపుకు పదిహేను. మొదటి రోజు ఎరుపు ముందు, మర్నాడు నీలం, ఆ మర్నాడు ఆకుపచ్చ, వంతు ప్రకారం మరలు మార్చుకోవాలి. మర ఎంత మీద ఉందో గట్టు మీది నుంచి పక్కవాడికి కనపడదు. రంగు కనపడుతుంది. ఆ రంగువాడి నీళ్ళు ఎప్పుడు మొదలయ్యాయో కూడా కనపడుతుంది. శుక్రవారం మాట తప్పినవాళ్ళందరూ ఇప్పుడు పక్కవాడి పెట్టె మీద కన్నేసి కూర్చున్నారు. నమ్మకం మీద జరగని పని అనుమానం మీద చక్కగా జరిగింది.

శంకరప్ప దగ్గర మాత్రం పూటంతా పట్టింది.

"నన్ను గొర్రెను చేస్తారా? నా పెట్టెకు రంగేమిటి?"

"రంగు లేని గొర్రెను ఊళ్ళో దొంగ గొర్రె అంటారప్పా" అన్నాడు ఆదెప్ప తొణక్కుండా.

"అట్లయితే ఎరుపెయ్యి. రెండు బోర్లకూ ఎరుపే."

"మొదటి రోజు ముందు తాగినోడు, కరువొస్తే ముందు తప్పుకోవాల. ఒప్పుకుంటావా?"

"ఎండాకాలంలో ఎండకు కరువేమప్పా?" అని శంకరప్ప నవ్వి ఒప్పుకున్నాడు.

చివర మిగిలిన పసుపులోకి కల్పన బోరు వచ్చింది. రంగు పూస్తున్నప్పుడు ఆమె గట్టు మీదే ఉంది.

"మోటారే ల్యా, పెట్టెకు పసుపు పూస్తాండారు. బొట్టు కూడా పెట్టండి మామా" అంది ఆదెప్పతో.

బుధవారం మూడో పరీక్ష. తొమ్మిదికి వెంకటముని పై లైను తెంపి, స్విచ్చి వేసి, కళ్ళు మూసుకున్నాడు. అనూష మీటరు చూసి చెబుతోంది. ఎరుపు లేచింది, నిలిచింది. ఐదు నిమిషాలకు నీలం. పదికి ఆకుపచ్చ. పదిహేనుకు పసుపు లేచినప్పుడు పెట్టె లోపల ఫ్యాన్లు గట్టిగా తిరిగి, మెల్లగా సర్దుకున్నాయి. అప్పుడు కళ్ళు తెరిచాడు. ఫోను చూసుకున్నాడు. ఎవరూ ఫోను చేయలేదు. భయమేసి, సిగ్నల్ ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది.

మధ్యాహ్నం దాకా ఎండ మండిపోయింది. పలకల నుంచి వచ్చేది మోటార్లకు పోగా మిగిలింది పెట్టెలోకి పోయింది. రెండింటికి పెట్టె నిండింది. ఒంటిగంటకు శంకరప్ప ఫోను చేసి, నీళ్ళు చల్లగానే ఉన్నాయని, అది తాను ముందే చెప్పానని చెప్పాడు.

రెండు ముప్పావుకు హార్సిలీ కొండ వైపు నుంచి మబ్బు లేచింది. ఏప్రిల్ మబ్బు. కురవదు, పోదు. పలకల నుంచి వచ్చేది ఐదో వంతుకు పడిపోయింది. పెట్టె ఖాళీ కావడం మొదలైంది. ఎనభై శాతం, అరవై, నలభై ఐదు. నాలుగింటికి అనూష లెక్క కట్టింది.

"అన్నీ నడిస్తే ఐదు గంటలదాకా కూడా రాదన్నా. ఎరుపు, నీలం ఆపాల."

వెంకటముని ఫోను తీసుకున్నాడు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి తానే ముందు ఫోను చేస్తున్నాడు. "మీ మంద తాగేసింది, తప్పుకోండప్పా" అన్నాడు ఒక్కొక్కరితో. ఎక్కువమంది నవ్వి ఆపేశారు. శంకరప్ప కూడా ఆపేశానన్నాడు, చాలా త్వరగా అన్నాడు.

"రెండోది కూడా ఆపప్పా."

"ఆపేసినా అంటాండా గదా!"

"శంకరప్పా, ఈడ మీటరు ముల్లులో కనపడతాండాది."

"అబ్బా, యాడ నుంచి సూస్తాండావురా నువ్వు" అంటూ శంకరప్ప ఆపడానికి లేచాడు. నిజానికి సబ్‌స్టేషన్ మీటరు ముల్లులో ఒక్క మోటారు కనపడే ప్రశ్నే లేదు. ఇరవై ఆగితే గానీ ముల్లు కదిలినట్టు తెలియదు. ఆ సంగతి ఊళ్ళో తెలిసినవాళ్ళు ఇద్దరే, వెంకటముని, అతని భార్య.

అదే సమయానికి పుంగనూరు నుంచి మోటారు వచ్చి బోరులోకి దిగింది. నాలుగున్నరకు కల్పన పైపులో నీళ్ళొచ్చాయి. ఐదు రోజులు నీళ్ళెరగని మొక్కలు. ఆకులు అప్పటికే ముడుచుకుని ఉన్నాయి. ఆమె సాళ్ళ వెంబడి పరుగెత్తి మళ్ళించుకుంటోంది.

ఐదుకు ఆకుపచ్చ ఆగింది. ఐదుంబావుకు పెట్టెలో మిగిలింది ఏడు శాతం. పలకల మీద వెలుగు తప్ప ఎండ లేదు. ముప్పై పసుపు మోటార్లు నడుస్తున్నాయి. అనూష పెదవి కొరుక్కుంటోంది.

"రూలు ప్రకారం లైనులో కరెంటుంటే చాలన్నా, మోటార్లు నడవాలని ల్యా. పసుపు కూడా ఆపితే ఆరు దాకా లాగొచ్చు." కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "కల్పనక్కది ఒక్కటి ఉండనియ్యన్నా. ఒక్క మోటారుకు ఏమీ కాదు."

వెంకటముని ఇరవై తొమ్మిది మందికి ఫోను చేశాడు. ముప్పయ్యోది ఇంటి నెంబరు.

"ఆపాల కల్పనా."

"ఇప్పుడే గదా వేసింది! ఇంగా పదకొండు సాళ్ళుండాయి."

"తెలుసు. పెట్టెలో ల్యా."

"నాదొక్కటి నడిస్తే ముల్లుకు కనపడదని ఇంట్లో నువ్వే చెప్పినావు గదయ్యా. శంకరప్పను బెదిరించినట్టు నన్ను బెదిరిస్తావా?"

"ముల్లుకు కనపడదు. శంకరప్పకు కనపడతాది."

కల్పన తలెత్తి చూసింది. నాలుగు మళ్ళ అవతల శంకరప్ప తన గట్టు మీద గొంతుక్కూర్చుని, ఆమె పైపులో నుంచి పడుతున్న నీళ్ళనే చూస్తున్నాడు. అతని పక్కన ఇంకో ముగ్గురు కూడా ఉన్నారు.

"నువ్వు ఈ పొద్దు ఇంటికి రావాల్సిన పని ల్యా. ఆ పెట్టె కాడనే పండుకో" అని ఆమె ఫోను పెట్టేసింది. నీళ్ళు ఆగిపోయాయి.

ఐదూ ముప్పై ఎనిమిది. ఇక అనూషకు గానీ వెంకటమునికి గానీ చేయాల్సింది ఏమీ లేదు. ఇద్దరూ పెట్టె ముందు కూర్చున్నారు. పెట్టెలో ఆరు శాతం, ఐదు. ఐదు శాతం దగ్గర చాలాసేపు ఉంది. గేటు దగ్గరికి ఆదెప్ప వచ్చాడు. శంకరప్ప కూడా వచ్చాడు, ఎందుకొచ్చాడో చెప్పకుండా. నాలుగు శాతమప్పుడు ఆరు గంటలయింది.

వెంకటముని పై లైను కలిపి, లాగ్ పుస్తకం తీసి రాశాడు. పొద్దుటి నుంచి గంట గంటకూ పై లైను గడిలో సున్నా వేస్తూ వచ్చాడు. ఇన్నేళ్ళుగా ఆ గడిలో సున్నా పడితే ఫోనులో తిట్లు పడేవి.

"అయితే గెలిచినట్టేనా?" అన్నాడు శంకరప్ప.

"తొమ్మిది గంటలు నిలిచినాము" అంది అనూష.

"మరి రాత్రికి? ముసురు పడితే?" అన్నాడు ఆదెప్ప. "గొర్రెలు ముసురులో నీళ్ళు తక్కువ తాగుతాయి. టమాటా కూడా అంతే. కానీ ఇండ్లలో లైట్లుండాయి గదమ్మా."

"ఇట్లాంటి పెట్టెలు ఇంగా నాలుగు కావాల తాతా. గాలిమరలు కావాల. అప్పుడు కూడా వంతులు కావాల. అవన్నీ ఉంటే అవుతాదనే నేననుకుంటాండా. సూడాల."

"సూడాలంటే ఉండాల గదా పెట్టె" అన్నాడు శంకరప్ప. "తీసకపోతే ఒప్పుకోము. ఆ వి.కోటోళ్ళకు ఈ రంగుల సంగతి యాడ తెలుస్తాది?"

కంపెనీ నుంచి శుక్రవారం కాగితం వచ్చింది. పెట్టె నక్కలబండలోనే ఉంటుంది. వంతులు కూడా తప్పలేదు: గురువారం నీలం ముందు, శుక్రవారం ఆకుపచ్చ ముందు, శనివారం పసుపు. కల్పన మడిలో పదకొండు సాళ్ళకు గురువారమే నీళ్ళు పారాయి గానీ, రెండు సాళ్ళ పూత అప్పటికే రాలిపోయింది. తర్వాతి పరీక్ష నవంబరులో, ముసురు పట్టిన రోజు చూసి చేయాలని అదే కాగితంలో రాశారు. ఈసారి ఇళ్ళ లైట్లు కూడా కలుపుతారు. నిలబడాల్సిన గంటలు ఇరవై నాలుగు.